తలమన్ను దించిన తావు

రెండు రాష్ట్రాల పొలిమేరపై, రెండు రంగుల నేలల నడుమ వెలసిన చిన్న పట్టణం తలమన్నూరు. తూర్పున ఎర్రనేల, వేరుసెనగ చేలు; పడమట నల్లరేగడి, జొన్నచేలు. ఇచ్చటి బస్టాండులో సగం బస్సులకు తెలుగు పలకలు, సగం బస్సులకు కన్నడ పలకలు. అంగడివీధిలో ఉదయాన ఆకలిగొన్న యాత్రికుడు ఒక బల్లవద్ద ఉగ్గాని అడిగినా, ఎదుటి బల్లవద్ద మండక్కి ఒగ్గరణె అడిగినా, విస్తరిలో పడేవి అవే తాలింపు మరమరాలు, అదే మిరపకాయ బజ్జి. పేరుకు రెండు, రుచికి ఒకటి. ఈ ఊరి స్వభావమంతా ఆ విస్తరిలోనే ఉన్నదని మా గురువుగారు నవ్వుతూ అనేవారు.

కొత్తగా బస్సు దిగినవారిని ఈ ఊరివారు ‘ఏ ఊరు, ఎవరి తాలూకు’ అని అడుగరు. వారి నోట వచ్చే మొదటి మాట వేరు. ఆ మాట పుట్టిన వృత్తాంతమే ఈ స్థలం యొక్క మహిమ. దానిని పెద్దలవలన విన్నంత మేర నివేదిస్తున్నాను.

యాత్రికులు మొదట ఊరికి ఉత్తరాన ఉన్న నడకరాయిని దర్శించుకోవాలి. నిలువెత్తు నల్లరాయి, దానిపై సూర్యచంద్రుల గుర్తులు తప్ప అక్షరమేదీ లేదు. అక్కడినుండి దక్షిణంగా కోసెడు దూరం నడిస్తే పాపవంక. ఏడాదిలో పది నెలలు అందులో ఇసుక తప్ప ఏమీ కనబడదు. వంక నడుమ బండరాళ్ళ సందున మాత్రం ఒక చెలమ ఉన్నది. ఇసుకను చేతితో తోడితే ఊరే నీటిగుంత అది. దాని గట్టుననే శ్రీ తలమన్నమ్మ తల్లి సన్నిధి. మరొక కోసెడు నడిస్తే కోడెగుట్ట, గుట్టపైన పాలెగాళ్ళ నాటి పాడుబడిన బురుజు. సాయంసమయాన బురుజెక్కి ఉత్తరంగా చూచినవారికి ఎర్రనేల, నల్లనేల కలిసే గీత ముగ్గు పోసినట్లు తిన్నగా కానవస్తుంది. చెలమవద్ద మాత్రం ఆ గీత మాయమై, కొన్ని బారల అవతల మళ్ళీ మొదలవుతుంది. ఈ వింతను చూడక వెళ్ళినవారు తలమన్నూరును సగమే చూచినట్లు.

తల్లి సన్నిధికి గోపురం లేదు, తలుపు లేదు, శిల్పి చెక్కిన విగ్రహమూ లేదు. రొమ్మెత్తు మట్టిదిబ్బయే అమ్మవారు. ఆ దిబ్బ సగం ఎరుపు, సగం నలుపు. ఇట్టి రూపం ఏల కలిగినదని అడిగినవారికి పెద్దలు చెప్పేది ఇది.

పూర్వం ఇక్కడ పట్టణం లేదు. వంకకు తూర్పున బూదిగట్టు, పడమట హుణిసెకట్టె అని రెండు పల్లెలుండేవి. అవి ఇద్దరు పాలెగాళ్ళ ఏలుబడిలోనివి. ఒకప్పుడు వరుసగా మూడేండ్లు వానలు కురియలేదు. బావులన్నీ అడుగంటినా పాపవంక చెలమ ఒక్కటి ఎండలేదు. దానితో చెలమ మాదంటే మాదని రెండూళ్ళవారూ కట్టెలెత్తారు. ఎద్దుల కొమ్ములు విరిగాయి, మనుషుల చేతులు విరిగాయి. పాలెగాళ్ళు కత్తి పట్టే లోపల తామే తేల్చుకొనుట మేలని ఉభయులూ మన్నునడకకు ఒప్పుకొన్నారు.

మన్నునడక అనగా పొలిమేర తేల్చే పాత ధర్మం. పాత ఎల్ల ఎరిగిన వృద్ధులు ఒకరు ఉపవాసముండి, తడిబట్టలతో, మెడలో ఎర్రగన్నేరు దండతో, రెండూళ్ళ మన్ను కలిపిన గంప తలకెత్తుకొని నడవాలి. వారు నడిచినదే ఎల్ల. గంప ఎత్తుకొన్నది మొదలు మూడు పక్షాలవరకు వారు నోరు విప్పరాదు. ఆ నలుబదియైదు దినాలలో వారి ఇంట కీడు జరిగితే నడక అబద్ధం, జరుగకుంటే సత్యం. ఇది ఉభయులకూ తెలిసిన నియమం.

నడిచేందుకు రెండూళ్ళవారూ ఒకే పేరు చెప్పారు: గౌరక్క. ఆమె బూదిగట్టులో నీరుగంటి సంజప్ప భార్య. మడవలు తిప్పి చేలకు నీరు పారించే కుటుంబం. భర్త గతించి అప్పటికి పన్నెండేండ్లు. పుట్టినిల్లు మాత్రం హుణిసెకట్టె. బూదిగట్టు పెద్ద ఓబుళప్ప, “మన కోడలు, మన కూడు తింటాది, చెలమను మన పక్కకే తిప్పుతాది” అని తనవారితో అన్నాడు. హుణిసెకట్టె పెద్ద సిద్దేగౌడ, “మన ఆడబిడ్డ, పుట్టింటి మీద మమకారం యాడికి పోతాది” అని తనవారితో అన్నాడు. ఇరువురూ వేరువేరు ఆశలతో ఒక్కచోటనే తల ఊపారు. ఇట్టి ఏకాభిప్రాయం లోకంలో అరుదు కాదు.

గౌరక్కకు మాత్రం నిద్ర పట్టలేదు. కారణం రెండు. ఆమె కోడలు పుల్లక్కకు నెలలు నిండుతున్నవి. కాన్పు ఆ మూడు పక్షాలలోనే పడుతుంది. ఇంటికి కీడు అంటే ఇక ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. రెండవది, సత్యమేదో ఆమె ఒక్కతెకే తెలుసు. కాని ఆ సత్యం ఎవరూ విననిది. సంజప్ప చివరి దినాలలో ఆమెతో ఇట్లన్నాడు: “మా తాత మన్ను మోసినోడు. చెలమకాడ ఎల్ల లేదంట, గౌరీ. గంప ఆడ దించి, మన్ను కుమ్మరించి, రెండూళ్ళోళ్ళకు దోసిట్లో నీళ్ళు పోసి, ఆ గట్టున కొత్త మన్ను ఎత్తుకొని పోవాల్నంట. ఆ నీళ్ళు ఎవురివీ కావంట.” జ్వరపు మాటలని ఆనాడు ఆమె తడిగుడ్డ వేసి ఊరుకొన్నది. గంప దారి నడుమ దించరాదన్నది అప్పటికి పసిపిల్లలకు సైతం తెలిసిన నియమమయ్యెను. దించినవారు సత్యం తప్పినట్లే.

నడకకు ముందు తెల్లవారుజామున ఆమెకు కల వచ్చినది. తడిసిన కురులతో ఒక ముత్తైదువ, నెత్తిన మన్నుగంపతో, వంకలో నిలిచి ఉన్నది. “ఎన్నేండ్లాయెనో మోస్తా ఉండాను. దించుకొనే తావు అందరూ మరిచిరి. నువ్వన్నా దించవే, బిడ్డా” అన్నది. గౌరక్క మేలుకొని, పొయ్యి అంటించబోయి, ఉపవాసమని జ్ఞప్తికి వచ్చి మానుకొని, కోడలి తల నిమిరింది.

“అత్తా, బయమా?” అని అడిగింది పుల్లక్క.

“నాకేం బయమే. గంప మోయని దినముందా నాకు?” అన్నది గౌరక్క. “నీ కడుపులోదానికి చెప్పు, అవ్వ మూడు పక్షాలు మాట్లాడదని. అలగొద్దని చెప్పు.”

గంప ఎత్తుకొనే ముందు ఆమె ఆడిన కడపటి మాటలు అవే.

నడకరాయివద్ద గంప తలకెక్కింది. ఎర్రమన్ను సగం, నల్లమన్ను సగం. వెనుక ఎడమవైపున బూదిగట్టు, కుడివైపున హుణిసెకట్టె. నడుమ అరువదేండ్ల అవ్వ. ఎండకు ఇసుక కాలుతున్నా ఆమె పాదం తడబడలేదు. చెలమ దగ్గరపడేకొద్దీ ఇరువైపులవారి మెడలు సాగాయి. ఏ గట్టు పట్టునో అని అందరూ చూస్తుండగా ఆమె ఏ గట్టూ పట్టలేదు. బండరాళ్ళ సందున నిలిచి, రెండు చేతులతో గంప దించి, మన్ను కుమ్మరించింది. పిదప వంగి, ఇసుక తోడి, ఊరిన నీటిని దోసిట పట్టి ముందుగా పడమటివారివైపు చాచింది.

ఒక్కరూ కదలలేదు. తూర్పువారివైపు చాచింది. వారూ కదలలేదు. నీరు వ్రేళ్ళ సందులనుండి కారి కారి దోసిలి ఎండిపోయింది. ఆమె అవతలి గట్టున కొత్త మన్ను గంపకెత్తుకొని కోడెగుట్టవరకు నడిచి ముగించింది.

ఆనాడు ఆమె పడిన నిందకు మేర లేదు. “ముసల్దానికి మెడ నొచ్చి దించేసింది” అని కొందరు. “రెండిండ్ల పిల్లి” అని కొందరు. ఓబుళప్ప ఆమె వాకిటికి వచ్చి, “ఏమ్మా గౌరక్కా, మా ఉప్పు తింటివి, నీళ్ళు మాత్రం ఎవురికీ లేకుండా చేస్తివే!” అని తలుపు మీద గుద్ది వెళ్ళాడు. ఆమె అరుగుపై కూర్చుండి చేటలో రాగులు చెరుగుతూనే ఉన్నది. చెప్పుకొనేందుకు మాట ఉన్నది. విప్పేందుకు నోరు లేదు. మూడు పక్షాలు ముగిసేవరకు చెలమవద్ద అడ్డుకట్టె పాతి ఇరువైపులా కావలి పెట్టారు. దినానికి ఇంటికి ఒక్క కడవ.

ముప్పది దినాలు గడిచాయి. నలుబది గడిచాయి. నలుబదియొకటవ నాటి ఉదయం పుల్లక్కకు నొప్పులు మొదలైనవి. ఊరి మంత్రసాని లోపలికి వచ్చి, కడుపు తడిమి, ముఖం మార్చింది. “కాళ్ళు ముందుండాయి. ఇది అబద్దం మోసిన ఇల్లు. నా చేతికి అంటుకొంటాది” అని వెనుదిరిగింది. 

గౌరక్క నడకనాడు గంప క్రింద పెట్టుకొన్న తలచుట్ట గుడ్డను చేతపట్టుకొని బయలుదేరింది. కావలివారి నడుమనుండే వంక దాటి, పుట్టిన ఊరి వీధిలో మంత్రసాని నింగవ్వ వాకిట నిలిచింది. అక్కడ రచ్చబండపై సిద్దేగౌడ తనవారితో కూర్చుండి ఉన్నాడు.

“ఏమక్కా, పుట్టిల్లు ఇప్పుడు గుర్తొచ్చిందా? చెలమకాడ గుర్తు రాలేదే!” అన్నాడు ఒకడు. మరొకడు, “గంప దించేదానికి వచ్చిందేమో, మన నింగవ్వ నెత్తిన!” అన్నాడు. నవ్వులు లేచాయి.

గౌరక్క గంప మోసిన ఆ తలచుట్టను విప్పి నింగవ్వ పాదాలవద్ద పరచింది. నింగవ్వ ఆ గుడ్డను చూచింది, ఆ ముఖాన్ని చూచింది.

“నొప్పులా?”

ఆమె తల ఊపింది.

“ఎదురుకాళ్ళా?”

మళ్ళీ ఊపింది.

నింగవ్వ కొడవలి, ఆముదం బుడ్డి కొంగున కట్టుకొంటుండగా సిద్దేగౌడ లేచి అడ్డు నిలిచాడు. “నింగవ్వా, ఆలోచించు. ఆ బిడ్డ బతికితే ఆయమ్మ నడిచిందే నిజమంటారు. చెలమ మనకు దక్కదు. నువ్వు పోకుంటే చాలు, ఎవురూ నిన్నేమీ అనరు.”

“గౌడా,” అన్నది నింగవ్వ, “నువ్వు పుట్టిన పొద్దు నీ కాళ్ళే ముందొచ్చినాయి. మా అమ్మ చేతులు మోచేతిదాకా నెత్తురు. ఆ పొద్దు ఆమె చెలమ ఎవురిదని అడిగి ఉంటే, నువ్వు ఈ బండమీద కూచొని నాకు బుద్ధి చెప్తా ఉండవు. జరుగు.”

అతడు జరిగాడు.

కాన్పు మధ్యాహ్నందాకా సాగింది. పుల్లక్క రెండుమారులు స్పృహ తప్పింది. వాకిట బూదిగట్టువారు గుమిగూడారు. వంక అవతల హుణిసెకట్టెవారు గుమిగూడారు. లోపలినుండి నింగవ్వ గొంతు మాత్రం వినవచ్చేది: “ఊపిరి బిగబట్టొద్దు, బిడ్డా. నన్ను తిట్టు, మీ అత్తను తిట్టు, నోరారా తిట్టు!” పాదాలు వచ్చినవి, నడుము వచ్చింది, తల నిలిచిపోయింది. నింగవ్వ కన్నులు మూసికొని వ్రేళ్ళతోనే వెదకి, బిడ్డ గదుమ పట్టి త్రిప్పింది. తల వెలుపలికి వచ్చింది. బిడ్డ నీలంగా ఉన్నది, ఏడ్వలేదు. వీపు చరిచింది, పాదాలు రుద్దింది, నోటిలో నోరుంచి ఊదింది. గౌరక్క ఒక మూల నిలిచి పెదవి కొరికిన కొరుకుకు నెత్తురు చిమ్మింది. ‘తల్లీ’ అన్న పిలుపు సైతం ఆమె గొంతు దాటలేదు.

ఆ పిదప బిడ్డ ఏడ్చింది. ఆడపిల్ల. వంక అవతలికి వినిపించేంత ఏడ్పు.

నలుబదియైదవ నాడు రెండూళ్ళవారూ చెలమవద్ద కూడారు. అప్పటికీ మనస్సులు కుదుటపడలేదు. “ఇంటికి కీడు జరగలేదు, నిజమే. అది నింగవ్వ చేతి చలవ గాని నడక సత్యం కాదు” అని ఓబుళప్ప అన్నాడు. సిద్దేగౌడ సైతం ఆ మాటకు ఔనన్నాడు. ఆ వివాదంలో వారిరువురూ ఒకే కోరికతో ఏకమైనది అదే మొదటిసారి. ఆమె కుమ్మరించిన మన్నును పారలతో తీసివేసి, మళ్ళీ మరొకరిచేత నడిపించాలని తీర్మానించారు. పార దిగింది. 

పైన ఉన్న మన్ను తొలగింది. దాని క్రింద ఇసుక ఉండవలెను. ఇసుక లేదు, ఎర్రమన్ను, నల్లమన్ను కలిసిన మరొక పొర. దాని క్రింద మరొకటి, వర్షాలకు గట్టిపడినది. పారవాడు చేయి మోచేతిదాకా దించి తడిమాడు, ఇంకను పొరలే. తెల్లని ఇసుకవంకలో ఎర్రమన్నును, నల్లరేగడిని ఎవరు తెచ్చి పోయగలరు? ఏడు పొరలని బూదిగట్టు పెద్దలు చెబుతారు, తొమ్మిదని హుణిసెకట్టెవారు. ఈ పాఠభేదం నేటికీ తీరలేదు. ఎన్ని పొరలైతే అన్ని తరాలు. అంతమంది అవ్వలు, తాతలు ఇదే చోట గంప దించారు. ఆమె దించినది తప్పు కాదు. మనము మరచినది తప్పు.

పార జారిపోయింది. ఓబుళప్ప తలపాగా తీసి చంకన పెట్టుకొన్నాడు. గడువు తీరినది కనుక గౌరక్క ఇక మాట్లాడవచ్చును. ఆమె ఏమి చెప్పునోనని అందరూ చెవులు రిక్కించారు. నిందలకు జవాబు చెప్పునని కొందరు, భర్త మాట చెప్పునని కొందరు, శపించునని కొందరు.

ఆమె ఎవరినీ చూడలేదు. బిడ్డనెత్తుకొని గుంపు వెనుక నిలిచిన నింగవ్వను చూచి, నలుబదియైదు దినాల మౌనంతో బొంగురుపోయిన గొంతుతో అడిగింది:

“నింగవ్వా, నీళ్ళు తాగితివా?”

“లేదక్కా. కావలోళ్ళు కడవకు లెక్క కడతా ఉండారు గదా” అన్నది నింగవ్వ.

గౌరక్క వంగి ఇసుక తోడింది. దోసిట నీరు పట్టి చాచింది. ఈమారు దోసిలి ఎండిపోలేదు. నింగవ్వ తాగింది. పిదప నింగవ్వ దోసిట పట్టి ఓబుళప్పవైపు చాచింది. అతడు మోకాళ్ళపై కూర్చుండి తాగాడు. అతడు పట్టి సిద్దేగౌడకు ఇచ్చాడు. సిద్దేగౌడ తాగి, ఆ తడిచేతితోనే చెలమ కావలి కట్టెను పీకి వంకలో పారవేశాడని చెబుతారు.

తవ్విన మన్నును తిరిగి పోశారు. తల్లి కలలో కనిపించినది గౌరక్క ఆనాడు చెప్పగా, ఆ దిబ్బయే తలమన్నమ్మ అయినది. ఏ ఊరికీ చెందని ఆ తావున ఇరువైపులవారూ గుడిసెలు వేసికొనగా ఈ పట్టణం ఏర్పడింది. ఆ పసిబిడ్డకు నింగమ్మ అని పేరు పెట్టారు.

నేటికీ ఫాల్గుణ శుద్ధ దశమినాడు నింగమ్మ వంశపు ఆడబిడ్డ ఒకతె మన్నుగంప మోస్తుంది. యాత్రికులు తమ తమ ఊళ్ళనుండి పిడికెడు మన్ను తెచ్చి, నడకరాయివద్ద తలకెత్తుకొని, మౌనంగా నడిచి తల్లి సన్నిధిలో దించుతారు. పొలము తగాదాలవారు, అన్నదమ్ముల పంపకాలలో మనసు విరిగినవారు, నెలలు నిండిన స్త్రీలు విశేషంగా వస్తారు. కాన్పుకు ముందు ఇచ్చట మన్ను దించిన తల్లికి సుఖప్రసవమని నమ్మిక. చెలమకు పడమటగా ఉన్న రాతిఅరుగు నింగవ్వది. మంత్రసానులు, నేటి నర్సమ్మలు అక్కడ గాజులు సమర్పిస్తారు. మన్ను దించేటప్పుడు చదివే పద్యం ఇది:

రెండు నేల లొక్క రీతిగా నొదిగిన
తావు నీది తల్లి! తలను మోసి
వచ్చినట్టి బరువు భక్తితో దించితి
దాహ మార్చుమమ్మ! దయను జూపి.

చెలమవద్ద పాటింపవలసిన నియమం ఒక్కటే: తన నీరు తాను తోడుకొనరాదు. తూర్పునుండి వచ్చినవారికి పడమటివారు, పడమటివారికి తూర్పువారు దోసిట పోయాలి. తెలిసినవారెవరూ లేరే అని దిగులు పడనక్కరలేదు. మీరు బస్సు దిగి, సంచి భుజాన వేసికొని, దారి వెదకుతూ నిలిచినప్పుడే, పూలమ్మే అవ్వయో, టీకొట్టు యజమానియో, ఆటో తోలేవాడో మిమ్ములను చూచి, “నీళ్ళు తాగితిరా?” అని అడుగుతారు. దారిలో తాగి వచ్చినా తాగితిమని అనవద్దు. చేతిలోని సంచి క్రింద దించి, దోసిలి పట్టండి.